వంగిన పిన్నులు

నాన్నా,

నువ్వు నమాజు నుంచి వచ్చేసరికి నేను తెనాలి బండెక్కేసి ఉంటాను. నా కంప్యూటర్‌కని నువ్వు కొన్న మదర్‌బోర్డు మార్చుకొస్తాను. ఫహీం అన్నయ్య పోయేముందు నా కోసం కొన్న ప్రాసెసర్ దాంట్లో పట్టదు, సాకెట్ వేరే రకం. చవకదే తెస్తాను, సరిపోయేది. ప్రాసెసర్ వేడెక్కకుండా వేరే కూలర్ కొనను. దాని డబ్బాలోనే వచ్చిన ఫ్యాను చాలనేవాడు అన్నయ్య. "నువ్వు చేసేది బాపట్ల కాలేజీ ప్రోగ్రాములేనే, రాకెట్ వదలడం కాదు" అని ఎన్నిసార్లు వెక్కిరించాడో!

ఉప్మా మూతపెట్టాను. తిను.

ఇందాక బీరువాలో దుప్పట్ల కింద ఆ ప్రాసెసర్ దొరికింది. నాలుగు పిన్నులు వంగిపోయాయి. పట్టని సాకెట్లో పెట్టి, గడియారం వెనక మూత నొక్కినట్టు బొటనవేలితో నొక్కేశావు కదూ? నాకు ఒక్క మాట చెబితే ఏం పోయేది? ముందు కోపం వచ్చింది. తర్వాత అక్కడే కూర్చుని ఏడ్చాను.

షాపులో కొత్తది కొనమంటారు. నేను కొనను. అన్నయ్య నాకు చివరిగా తెచ్చింది అదే. ముప్పై ఏళ్లుగా వాచీలు బాగుచేసిన చెయ్యి నీది. అన్నయ్య నలభయ్యో రోజు ఫాతిహా దాటినా నువ్వు కొట్టు తియ్యలేదు. ఈరోజు తియ్యి నాన్నా. కంటికి భూతద్దం పెట్టుకుని, సన్న పట్టకారుతో ఒక్కొక్క పిన్నూ మెల్లగా నిలబెట్టు.

సుమయా

చెయ్యి వణికితే ఆపెయ్యి. సాయంత్రం నేనొచ్చి పక్కన కూర్చుంటాను. పిన్ను విరిగినా నిన్నేమీ అనను. నా దగ్గర మాత్రం దాచకు. ఇంట్లో ఇక మనిద్దరమే కదా.