నిప్పుకు ఓర్వని పెనం

చిన్నమ్మాయికి నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ మీ అమ్మా నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. అక్కడ నువ్వు వేళకు తింటున్నావనీ, ఆ కుట్టుమిషన్ల హోరులో నీ చెవులు బాగానే ఉన్నాయనీ అనుకుంటున్నాం. నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్లో మాట్లాడొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నేను గొంతు పెంచుతాను, నువ్వు "సరే నాన్నా" అని పెట్టేస్తావు. కాగితం మీద నా గొంతు లేవదు. అందుకే రాస్తున్నాను.

అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. అమ్మ మోకాలికి పట్టీ వేసుకుని తిరుగుతోంది. నొప్పి సగం తగ్గింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం "ఇవి కూడా మీ ప్రసంగంలాగే ఎప్పటికీ అవవు" అంటోంది. కొట్లో పని పలచగా ఉంది. ఇత్తడి గిన్నెలకు తగరపు కళాయి పూయించుకునేవాళ్ళు ఇప్పుడెవరున్నారు? హోటలు వంటవాళ్ళు తెచ్చే పెద్ద గుండిగలే దిక్కు. ప్రార్థన గది పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. వాన పడితే వెనక వరసలవాళ్ళు ముందుకొచ్చి కూర్చుంటున్నారు. ఇరవై ఏళ్ళుగా నేను పిలిచినా కదలనివాళ్ళని నాలుగు చినుకులు కదిలించాయి. దేవుడికి నాకన్నా బాగా ప్రసంగించడం వచ్చు.

నువ్వు పంపిన కొత్త నాన్‌స్టిక్ పెనం గీత పడకుండా చేరింది. "అమ్మ వాడుతోందా, నువ్వు దాని జోలికి వెళ్ళడం లేదు కదా" అని అడిగావు. అమ్మ వాడుతోంది. నేనూ వాడుతున్నాను. భయపడకు, ఎలా వాడుతున్నానో చెబుతాను. ముందు నూనె చుక్కో గుడ్డో అందులో పడితేగాని పొయ్యి వెలిగించను. మంట సన్నగానే ఉంటుంది, మహా అయితే మధ్యలో. పెనం పొయ్యి మీద ఉండగా ఎవరు తలుపు కొట్టినా కదలను. మొన్న పాలవాడు పావుగంట నిలబడి తిట్టుకుంటూ పోయాడు. కిటికీ తీసే ఉంచుతాను. ఇనుప అట్లకాడను అటకెక్కించేశాను, దాని స్థానంలో చెక్క గరిటె వచ్చింది. పని అయ్యాక వేడి పెనం మీద చన్నీళ్ళు కుమ్మరించను. చల్లారనిచ్చి, మెత్తటి గుడ్డతో, సబ్బు నీళ్ళతో కడుగుతాను. పీచుగానీ ఇసుకగానీ తగలనివ్వను. గిన్నెల మధ్య పెట్టేటప్పుడు పైన పాత తువ్వాలు ముక్క పరుస్తాను. ఎప్పుడైనా పూత గీసుకుపోయి పెచ్చులు లేచిందంటే, ఆ రోజే దాన్ని వంటింట్లోంచి పంపేస్తాను.

ఇదంతా చూసి మీ అమ్మ, "నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా చూసుకోలేదు" అంటోంది.

ఇవన్నీ నాకెప్పుడు తెలిశాయని నువ్వు అడుగుతావు. చెబుతాను. దానికి ముందు నీ మూడో ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న చదివిన దగ్గర్నుంచి నాకు కంచంలో చెయ్యి ఆడటం లేదు.

మీ ఫ్యాక్టరీలో పనిచేసే తల్లులు తమ పసిపిల్లల్ని ఉంచే గది ఉందనీ, నువ్వు మధ్యాహ్నం వెళ్ళి ఆడిస్తుంటే అక్కడి పెద్దావిడ చూసి "మిషను మానేసి ఇక్కడికి వచ్చెయ్యి, పిల్లలు నీకు అలవాటయ్యారు" అందనీ రాశావు. శనివారంలోగా జవాబు చెప్పాలన్నావు. కింద ఇలా రాశావు: "రెండు పిట్టల్ని బతికించుకోలేనిదాన్ని, పన్నెండుమంది పసివాళ్ళని ఏం చూస్తాను నాన్నా? ఆ పొద్దున కిటికీ వేశానో లేదో ఈ రోజుకీ గుర్తు రావడం లేదు. ప్రాణమున్న దేన్నీ నా చేతికి ఇవ్వకపోవడమే మంచిదేమో. వద్దని చెప్పేస్తున్నాను. నువ్వేమంటావు?"

నేనేమంటానో చెప్పాలంటే ఆ పొద్దుటి సంగతి చెప్పాలి. నీకు తెలిసింది సగమే.

నీ మొదటి జీతంతో ఇలాంటిదే ఒక నల్ల పెనం కొనుక్కొచ్చినప్పుడు నేనేం చేశానో నీకు గుర్తుండే ఉంటుంది. ఆదివారం బల్ల గుద్ది ప్రసంగం చెప్పాను. "మనలో నాన్‌స్టిక్ విశ్వాసులున్నారు. వాక్యం పోస్తే జారిపోతుంది, కన్నీళ్ళు పోస్తే జారిపోతాయి, ఒక్క చుక్క అంటదు" అన్నాను. గది గదంతా నవ్వింది. మూడో వరసలో నువ్వు తల దించుకున్నావు. ఇంటికొచ్చాక, "నా పెనాన్ని ఒక్క మాట అడక్కుండా ప్రసంగంలోకి లాక్కెళ్ళావు. రేపు నా చెప్పులు కూడా తీసుకెళ్తావా?" అన్నావు. "చెప్పుల మీద ఇప్పటికే చెప్పాను" అన్నాను నేను. నువ్వు నవ్వలేదు.

మీ అమ్మ పిన్నిగారింటికి వెళ్ళిన వారం అది. నువ్వు ఇక్కడి ఫ్యాక్టరీకి వెళ్ళాక నేనే గుడ్డు వేసుకునేవాణ్ణి, ఇనుప అట్లకాడతో, పెద్ద మంట మీద. మూడు రోజులకే నీ పెనం అడుగున నల్లగా మాడు కట్టింది. నువ్వు చూస్తే బాధపడతావని, నీకు తెలియకుండా బాగుచేద్దామనుకున్నాను. నాకు తెలిసిన బాగుచేయడం ఒక్కటే. ముప్ఫై ఏళ్ళుగా ఎంత జిడ్డుపట్టిన గిన్నె వచ్చినా ముందు నిప్పుల మీద కాలుస్తాను, మురికి బూడిదై రాలిపోతుంది. పైగా నాకు వాక్యం ఆధారం ఉంది. లోహపు పాత్రల్ని అగ్నిలోంచి దాటించి శుద్ధి చేయమనే మాట పట్టుకుని నేనెన్ని ప్రసంగాలు చెప్పానో నీకు తెలుసు.

పెనం ఖాళీగా పొయ్యి మీద పెట్టాను. మంట పూర్తిగా తిప్పాను. గాలికి మంట చెదరకుండా ఉండాలని చూస్తే కిటికీ వేసే ఉంది. ముందు గదిలోకి వెళ్ళి ఆదివారం ప్రసంగం సాధన మొదలుపెట్టాను. గోడకు చెబుతున్నా సరే, నాకు ఒళ్ళు తెలియదు కదా. అరగంట గడిచిందేమో. కాలిన ప్లాస్టిక్ లాంటి ఘాటు వాసన వచ్చేదాకా పెనం సంగతే మరిచిపోయాను. లోపలికి పరుగెత్తి పొయ్యి కట్టేశాను. కళ్ళు మండాయి. కిటికీ రెక్కలు బార్లా తెరిచాను. మాడు పోయింది, మెరుపూ పోయింది. పెనాన్ని తీసుకెళ్ళి వెనక బస్తా కింద దాచాను. అది ఎక్కడో పోయిందనుకునే ఈ కొత్తది పంపావు నువ్వు. వంటింటి షెల్ఫ్ మీది పిట్టల పంజరం వైపు అసలు చూడలేదు, తల్లీ. చూసుంటే ఏమైనా చేయగలిగేవాణ్ణేమో, లేదో. చూడలేదన్నది మాత్రం నిజం.

మధ్యాహ్నం నువ్వొచ్చేసరికి సున్నమూ నీలిమందూ రెండూ పంజరం అడుగున పడి ఉన్నాయి. తెల్ల పిట్టకీ నీలం పిట్టకీ ఆ పేర్లు పెట్టింది నువ్వే. తెరిచి ఉన్న కిటికీ వైపు చూసి, "పొద్దున వేయడం మరిచిపోయానా నాన్నా? చలిగాలి కొట్టిందా?" అన్నావు. ఆ క్షణంలో నాకు పెనం సంగతి తట్టలేదు, నిజంగానే. కానీ కిటికీ తీసింది నేనన్నది తెలుసు. ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చింది. అంటే పెనం సంగతి బయటికొస్తుందని మింగేశాను. మాడిన పెనం దాచడానికి నిన్ను అడ్డం పెట్టాను.

ఆ సాయంత్రం నాకు చలిజ్వరం వచ్చింది, గుర్తుందా? పిట్టల్ని పూడ్చిపెట్టి వచ్చిన చేతులు కడుక్కుని, నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది నువ్వే. "ఆ కిటికీ గాలి నీకు కూడా తగిలింది నాన్నా" అని ఏడ్చావు. నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆ ఆదివారం కావలివాళ్ళ మీద ప్రసంగం చెప్పాను. చిన్న పనిలో ఏమరినవాడికి పెద్ద పని అప్పగించరన్నాను. "కిటికీ మూయడం చేతకానివాళ్ళు ఆత్మల్ని ఏం కాస్తారు" అన్నాను. నిన్ను చూసి అన్నానో, అలవాటుగా నోట్లోంచి వచ్చిందో ఇప్పుడు చెప్పలేను. పది రోజుల్లో నువ్వు పెట్టె సర్దుకున్నావు. అక్కడ పని బాగుంటుందని వెళ్తున్నావని అందరికీ చెప్పాను. నాకూ అదే చెప్పుకున్నాను.

నువ్వు వెళ్ళిన నెలకి, ఇంకో జత పిట్టల్ని కొని నీకు పంపుదామని పిట్టలమ్మే ఆయన దగ్గరికి వెళ్ళాను. మునుపటివి ఎలా పోయాయని అడిగాడు.

"చలిగాలికి" అన్నాను.

"రెండూ ఒకేసారా?"

"ఒకేసారే."

"చలికి అలా పోవండీ. ముందు ముడుచుకుంటాయి, తిండి మానేస్తాయి, రోజులు పడుతుంది. పంజరం ఎక్కడ పెట్టారు?"

"వంటింట్లో."

ఆయన చేతిలోని గింజల డబ్బా కింద పెట్టాడు. "నల్ల పూత పెనం ఏదైనా ఖాళీగా కాలిందా ఆ రోజు?"

నేను ఆ డబ్బా వైపే చూస్తూ తలూపాను.

"వాటి ఊపిరితిత్తులు గోరంత. ఆ పూత మితిమీరి కాగితే వచ్చే పొగ చాలు, నిమిషాల్లో పోతాయి. మనుషులకైతే ఒక పూట చలిజ్వరం వచ్చి తగ్గుతుంది. సన్నమంట మీద వండుకున్నంతసేపూ దానివల్ల ఏ గొడవా లేదు. అయినా పంజరం వంటింట్లో ఉండకూడదు. ఇంతకీ మీరేం పని చేస్తారు?"

"గిన్నెలకు కళాయి పూస్తాను."

"మరైతే పూత గురించి మీకు నేను చెప్పేదేముంది" అన్నాడు. వెటకారం కాదు, మర్యాదకే అన్నాడు. ఆ మర్యాద చెంపదెబ్బలా తగిలింది. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టకండమ్మా, కళాయి కరిగిపోతుందని ముప్ఫై ఏళ్ళుగా ఇంటింటికీ చెప్పిన నోరు ఇది. కొత్త పిట్టల్ని కొనకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి గ్రంథం తీశాను. ఎందుకో తెలుసా? నన్ను నేను వెనకేసుకు రావడానికే. అగ్నిలోంచి దాటించమనే చోట వేలు పెట్టి చదివాను. ఆ మాట అక్కడితో ఆగలేదు. అగ్నికి తట్టుకోలేనిదాన్ని నీళ్ళలోంచి దాటిస్తే చాలని ఆ వెంటనే ఉంది. అదే వాక్యం, అదే వరస. ఇన్నేళ్ళూ నిప్పు దగ్గర గొంతు పెంచి, నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేసేవాణ్ణి. ఆ పెనానికి కావలసింది గోరువెచ్చటి నీళ్ళు, కాస్త సబ్బు, ఒక పూట ఓపిక. నీకు కావలసింది కూడా అంతకన్నా ఎక్కువేం కాదు. పిచ్చుక నేలరాలినా పైన లెక్క ఉంటుందని చెప్పే పేజీ ఇంకోటి ఉంది. ఆ రోజు నుంచి దాని వైపు వెళ్ళలేకపోతున్నాను.

ఇదంతా తెలిసి నెల దాటింది. ఈ నెలలో నీకు రెండు ఉత్తరాలు రాశాను. వాటిలో వానల గురించి రాశాను.

ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నేను దాచుకున్నది నీ చేతుల్లోంచి పసిపిల్లల్ని లాగేస్తోందని తెలిశాక కూడా దాచుకుంటే నాకు నోరెందుకు?

వచ్చే ఆదివారం ప్రసంగం లేదు. లేచి జరిగింది చెప్పి, వెళ్ళి మూడో వరసలో కూర్చుంటాను. ఆ తర్వాత నన్ను మాట్లాడమంటారో, మానమంటారో వాళ్ళిష్టం. దీంతోపాటు పిల్లల గది పెద్దావిడకు వేరే కాగితం పెట్టాను, అంటించలేదు. పిట్టలు పోయింది నా చేతిలోననీ, నీ మీద ఏ తప్పూ లేదనీ అందులో రాసి సంతకం పెట్టాను. నువ్వు ఏదైనా చెప్పి ఉంటే ఆవిడకు ఇవ్వు. చెప్పకపోతే చించెయ్యి.

ఈ ఉత్తరం మొత్తం మీ అమ్మకు చదివి వినిపించాను. పెనం సంగతి ఆమెకూ ఇప్పుడే తెలిసింది. మోకాలి పట్టీ విప్పి మళ్ళీ కట్టుకుంది. చివరికి, "పిల్ల ఇంతదాకా చదివేసరికి ఎంత నలిగిపోతుంది? ఆ ముక్క మొదటి వాక్యంలోనే రాయాల్సింది. ఉత్తరంలో కూడా ప్రసంగమేనా" అంది. నిజమే. తిరగరాస్తే ఇవాళ్టి టపా అందదు, శనివారం దాటిపోతుంది.

నన్ను క్షమించమని ఇప్పుడు అడగను. అడిగితే నువ్వు నా గురించి ఆలోచించడం మొదలుపెడతావు. నీకు గుర్తు రావడం లేదన్న సంగతి నాకు గుర్తుంది. నేను పొగలోకి పరుగెత్తి కిటికీ తీసేటప్పుడు పై గడియా కింది గడియా గట్టిగా బిగించి ఉన్నాయి. రెండు చేతులతో లాగితేగాని రాలేదు. అంత జాగ్రత్తగా వేసి వెళ్ళావు నువ్వు.

వెళ్ళి ఆ పిల్లల్ని ఎత్తుకో తల్లీ.

ఇట్లు,
నీ తప్పు లేదని ఆలస్యంగా సాక్ష్యం చెబుతున్న
మీ నాన్న