మూడో రాడ్డుకి రెండో క్యాపు

అన్నయ్యా, నువ్వు చేసిన తప్పు నా నెత్తిన రుద్ది కొత్త ఓనరు దగ్గర పనికని చల్లగా ఊరు దాటేశావు. లాంచీ ఇంజను బిగించింది నువ్వు. ఓనరుకి ఫోను చేసి "మా చెల్లి బిగించిందండీ, చిన్నపిల్ల, వదిలేయండి" అన్నదీ నువ్వే. ఇరవై రెండేళ్లదాన్ని, చిన్నపిల్లనా?

ఉత్తరంలో "అందరూ కులాసానా" అని అడిగావు కదా, విను. రేవు దాటిన పది నిమిషాలకే మూడో సిలిండరు రాడ్డు విరిగి, ఇంజను గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. సలసల కాగే నూనె లాంచీ నడిపే సరంగు కుడిచేతి మీద పడింది. మోచేతి దాకా కట్టు. నన్నిక మరమ్మతు షెడ్డు గడప తొక్కొద్దన్నారు. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

షెడ్డుకి రావద్దనేలోపే, ఇంజను విప్పుతుంటే చూశాను. మూడో నంబరు రాడ్డుకి రెండో నంబరు క్యాపు! పిస్టన్‌కి పైకీ కిందికీ పోవడం తప్ప ఇంకేం చేతకాదు. ఆ ఊపుని అందుకుని క్రాంకు ఇరుసుని గుండ్రంగా తిప్పేది రాడ్డు. రాడ్డునీ కింది క్యాపునీ కలిపి బిగించాకే క్రాంకు పట్టే రంధ్రం తొలుస్తారు. ఒకదాని క్యాపు ఇంకోదానికి పెడితే రంధ్రం గుండ్రంగా ఉండదు, నూనె పొర నిలవదు, బేరింగు కాలి పట్టేస్తుంది. రాడ్డు మీదా క్యాపు మీదా నంబర్లు కొట్టేది అందుకే. నాకిది ఏ కాలేజీ చెప్పలేదు, పాత ఇంజన్లు విప్పి విప్పి తెలుసుకున్నాను. పదేళ్ల మేస్త్రివి, నీకు తెలియదా? క్యాపులన్నీ ఒకే పళ్లెంలో కలిపేసి కిరసనాయిలు పోసి కడిగేశావు!

ఇంకోటుంది. బిగించిన రోజే ఆ నంబరు నా కంటబడింది.

"అన్నయ్యా, ఇది రెండోది కదా?" అన్నాను.

"నాకే పాఠాలు చెప్తావా తల్లీ? పోయి టీ పట్రా" అని నవ్వావు.

అందరి ముందూ నీ పరువు పోతుందని నోరు మూసుకుని వెళ్లాను. సరంగు చెయ్యి కాలడంలో నా పాపమూ ఉంది. నా వంతు నేను మోస్తాను, నీది మోయను.

నిన్న ఓనరుకి అంతా చెప్పాను. "మేస్త్రి అలా చేస్తాడా? సిగ్గు లేదూ, అన్న మీదకి తోస్తావా?" అన్నాడు. నా మాట చెల్లలేదు. కాబట్టి నువ్వే రాయాలి: "బిగించింది నేను, చెల్లి చెప్పినా వినలేదు" అని నీ చేత్తో, నీ సంతకంతో. ఓనరుకొకటి, సరంగుకొకటి. శనివారం షెడ్డు మూసేలోగా రెండూ అందాలి. అందలేదా, సోమవారం పొద్దున్నే మీ కొత్త ఓనరు ముందు నేనుంటాను.

ఇట్లు,
నీ తోడబుట్టినది