తాజ్‌మాహ్ రాతి మీద జానెడు ఖాళీ

హమదాన్ నగరంలో చర్మకారుల బజారు వెనక రొట్టెల బట్టీ నడిపిన నోస్రతొల్లా అనే నేను, డెబ్బై ఎనిమిదేళ్లవాణ్ని, తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, వచ్చిన నాలుగక్షరాలతో సొంతంగా రాస్తున్నది. నా మతి చెడిందని ఎవరైనా అంటే ఇది వినండి. నా భార్య తాజ్‌మాహ్ సమాధి రాతికి రెండు పాదాలు రాసిస్తానని కవి కియూమర్స్ ఆమె పోయిన నలభయ్యో రోజున మాటిచ్చాడు. జర్మనీ వెళ్లిపోయాడు. పంతొమ్మిదేళ్లయింది. ఆమె పేరు కింద జానెడు రాయి నున్నగా అలాగే ఉంది. మతి చెడినవాడు ఇదంతా మరిచిపోయేవాడు.

ఈ నెల ఇరవై రెండున నా గుండె కోస్తారు. డాక్టరు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

1. బట్టీ, ఇల్లు నా ఒక్కగానొక్క కూతురు మహ్‌లఖావి. మతం నా ఇష్టానికి వదిలిన మూడో వంతులోంచి పై గదిని మాత్రం కియూమర్స్‌కు రాస్తున్నాను. వాడు పదకొండేళ్లు అక్కడే ఉన్నాడు. తిరిగి వస్తే వీధిలో నిలబడకూడదు.

2. రొట్టెలు బట్టీలోకి తోసే పొడుగు పిడి పార పనివాడు సఫర్‌కు. వాడు పిండి పరిచే తీరు నాకు ఏనాడూ నచ్చలేదు. కానీ మంటకు వెనక్కి జరగడు.

3. పిండి డబ్బాలోని కాగితాలు కియూమర్స్‌వి, వాడికే చేరాలి. వాడు రాసింది ముందు తాజ్‌మాహ్‌కు చదివి వినిపించేవాడు. ఆమెకు చదువు రాదు. వింటూ మధ్యలో లేచి కుండ చూడటానికి పోతే, అప్పుడు చదువుతున్న మాటలు కొట్టేసేవాడు. "కియూమర్స్ బాబూ, నీ వెన్నెల సరే, ఆ వెన్నెల్లో నడిచే మనిషికి చెప్పులున్నాయా?" అని ఒకసారి అడిగింది. వాడు మూడు రోజులు కూర్చుని తిరగరాశాడు. నాకు అక్షరాలు నేర్పిందీ వాడే, గోడ మీద బొగ్గుతో.

4. నన్ను తాజ్‌మాహ్ సమాధిలోనే, ఆమెకు పైనున్న అంతస్తులో పెట్టాలి. ఆ చోటు అప్పుడే రాయించుకున్నాను. నన్ను దింపేటప్పుడు పాత రాయి తీసేసి, ఇద్దరి పేర్లతో కొత్తది వేస్తారు. నా భయం అక్కడే. రాళ్లు చెక్కేవాడి దగ్గర నంబర్లు వేసిన కవితల పుస్తకం ఉంది. మా అల్లుడు ఇరజ్ అప్పుడే చూసొచ్చాడు. "మామయ్యా, పద్నాలుగో నంబరు బాగుంది, మా వీధిలో అందరూ అదే వేయించుకున్నారు" అన్నాడు. అందులో ఉండేది తల్లి, కొవ్వొత్తి, కన్నీరు. ఆ వరసలో ఆరు రాళ్ల మీద అదే ఉంది. నేను బతికుండగా వద్దంటాను. పోయాక ఎవరు వద్దంటారు?

5. కియూమర్స్‌తో పోయిన నెల ఫోన్లో మాట్లాడాను. "బాబాయ్, ఇక్కడ సభల్లో అందరూ కదలకుండా కూర్చుని వింటారు. ఏ మాట కొట్టేయాలో తెలియడం లేదు. రాయడం మానేశాను" అన్నాడు. ఆమె ఉన్నన్నాళ్లూ నేను చల్లారిన టీ తాగలేదురా, ఆ మనిషికి రెండు పాదాలు లేవా అని అడిగాను. "అదే చెక్కించు బాబాయ్, అంతకంటే నేనేం రాయగలను" అన్నాడు. నా బట్టీకొచ్చి నా పిండే నాకు అమ్ముతావట్రా అని ఫోన్ పెట్టేశాను. తరవాత రెండు రాత్రులు నిద్ర లేదు. వాడు నిజంగానే రాయలేకపోతున్నాడేమో.

6. ఈ కాగితం నకలు మహ్‌లఖా ఈరోజే వాడికి పంపాలి.

సౌర హిజ్రీ 1398, మెహర్ నెల 3.
నోస్రతొల్లా (సంతకం, వేలిముద్ర)
సాక్షులు: మందుల షాపు బహాదొర్, పక్కింటి ఖానుమ్ సెద్దీఖె

కియూమర్స్, బాగుండక్కర్లేదు, నీదై ఉంటే చాలు. గుండె కోయకముందే కొత్త రాయి నేనే పురమాయించాను, మెహర్ ఇరవై మధ్యాహ్నానికి చెక్కేవాడు మొదలుపెడతాడు. ఆలోపు చెప్పు. రాస్తావా, రాయవా?