యాదగిరి పేరుకు లేచిన మనిషి

12 ఆగస్టు 2005, శుక్రవారం

మా ఎంబీఏ కాలేజీకి ఈ రోజు తనిఖీ బృందం వచ్చింది. మాకు లెక్చరర్లు తక్కువ. సెక్రటరీ ఎప్పటిలాగే పక్క కాలేజీల వాళ్లను ఒక్క పూటకు పిలిపించి, మా లెక్చరర్ల పాత జాబితాలోని పేర్లు వాళ్లకు పంచాడు. డైరెక్టర్‌గా ఆ జాబితా మీద సంతకం చేసింది నేను. చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. ఈ ఒక్కటి చదవలేదు.

హాజరు తీసుకుంటూ తనిఖీ అధికారి "యాదగిరి" అని పిలిచాడు. నేను తలుపు వైపు చూశాను. మా లెక్చరర్ యాదగిరి జూన్‌లోనే రుద్రారం దగ్గర లారీ గుద్ది చనిపోయాడు. వెనక వరుసలో ముఖం తెలియని ఒకాయన లేచి, "ఉన్న సార్" అన్నాడు.

బృందం వెళ్లాక సెక్రటరీని నిలదీశాను.

"పరేషాన్ గాకుండ్రి మేడం. సచ్చినాయన వచ్చి అడుగుతడా? పర్మిషన్ పోతే గీ పిల్లలకు మీరు జవాబు చెప్తరా?" అన్నాడు.



మంగళవారం యాదగిరి భార్య సర్వీస్ సర్టిఫికెట్ కోసం వస్తుంది. అందులో అతను పనిచేసిన ఆఖరి రోజు వేయాలి. జూన్ అని వేస్తే ఈ రోజు మేము చేసింది బయటపడుతుంది. ఆగస్టులోనూ హాజరయ్యాడని రాసిన కాగితాన్ని ఆమె చేతిలో ఎట్లా పెట్టను?