ఎడమకాలికి నేల తగిలింది

నాయనా, ఫోనులో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను, నేను బాగున్నాను.

వెన్నెముక ఆపరేషను తర్వాత కూడా నా ఎడమకాలు మొద్దుబారే ఉంది కదా! ఈ ఉదయం వ్యాయామాలు చేయించే గ్రేసీ మేడం నన్ను నిలబెట్టి, వాకరు వదిలి ఆ కాలి మీద బరువు మోపమంది. పడిపోతానేమోనని భయపడుతూనే మోపాను.

"మేడం, బండ సల్లగా ఉండాది!" అని అరిచాను.

"ఏ కాలికి తల్లీ?"

"ఎడమకాలికే!"

పక్క మంచం అవ్వ కూడా చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో కిటికీ దాకా నడిచేశాను!

ఎర్రావు ఈనిందా? నువ్వు మాత్రలు వేసుకుంటున్నావా? ఆదివారం వచ్చేటప్పుడు నా చెప్పులు తీసుకురా. ఇక తొక్కలేననుకుని నా కుట్టుమిషను వసంతమ్మత్తకు ఇచ్చేయమన్నాను కదా, ఇవ్వొద్దు. పెడలు నేనే తొక్కుతాను.

అమ్మకు దండాలు, తమ్ముడికి ముద్దులు.

నీ బిడ్డ లోహిత,
తిరుపతి ఆసుపత్రి నుంచి