పెనుకొండ చీరల క్లినిక్

హిందూపురం,
శ్రావణం, మొదటి మంగళవారం

అవ్వకు,

ముందు నమస్కారం పెట్టి తర్వాత పోట్లాడటం మర్యాద. పెట్టాను. ఇక పోట్లాట.

నేను ఇస్త్రీ అంగడి పెట్టలేదు. ఈ ఒక్క మాటను నువ్వు ధర్మవరంలో మన వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివి వినిపించాలి. రోజూ రైల్లో పట్టుచీరల మూటలు ఇక్కడికి తెచ్చే కుళ్ళాయప్ప మామ నిన్న నా అంగడి గడప మీద నిలబడి, గిరాకీలు వింటుండగా, "ఏం పాపా, బీకాం చదివి ఇస్త్రీ పని పెట్టుకుంటివంటనే? మీ నాయన మగ్గం ఆపి తలకాయ పట్టుకుని కూచోనుండాడు" అన్నాడు. ఆ గిరాకీల్లో ఒకామె వెంటనే సంచీలోంచి వాళ్ళాయన ప్యాంటు తీసింది.

ఇంకోసారి చెబుతాను, విను. చీర కట్టడం రానివాళ్ళు, వచ్చినా తీరిక లేనివాళ్ళు నా దగ్గరికి చీర తెస్తారు. నేను కుచ్చిళ్ళు, పైట మడతలు ముందే పెట్టి, ఆవిరితో అణిచి, క్లిప్పులు బిగించి, పెట్టెలో సర్ది ఇస్తాను. పెళ్ళి రోజు పొద్దున ఆమె పెట్టె తెరిచి, చుట్టుకుని, దోపుకుని వెళ్ళిపోవడమే. ఇది మీకు అర్థం కావాలనే అమ్మ చీర ఒకటి నమూనాగా చేసి పంపాను. నువ్వు ఏం చేశావు? క్లిప్పులన్నీ పీకి, చీర దులిపి, మామూలుగా మడిచి, "ఎవరో పిల్లోళ్ళు ఆడుకున్నెట్లుండారు, సరిచేసినా" అని తిరిగి పంపావు. ఒక పూటంతా నడుం వంచి చేసిన పని అది.

నాయన మాట కూడా నీకు తెలుసు కదా. దసరా లోపల పేరున్న గిరాకీ ఒక్కటి చూపించాలి, లేదంటే అంగడి మూసి అనంతపురంలో బ్యాంకు కోచింగుకు పోవాలి. ఆ మాట చెప్పేటప్పుడు పక్కన అత్త కూతురి పేరు ఎత్తకుండా ఉండలేడు. తనూజ ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది, తనూజ మెడలో కార్డు ఉంటుంది. ఆ కార్డు వేసుకునే నిద్రపోతుందని నా అనుమానం.

నీ మనవరాలు, ఇస్త్రీ చేయని
గీతాంజలి

తా.క.: ఉత్తరం ఎందుకు, ఫోన్ చేయొచ్చు కదా అనకు. ఫోన్లో నా మాట నీకు వినిపించదు. వీడియో చేస్తే నీ నుదుటి బొట్టు తప్ప నాకేమీ కనిపించదు. పోయినసారి అరగంట సేపు బొట్టుతో మాట్లాడాను.


ధర్మవరం,
వరలక్ష్మి పండగ మరుసటి దినం

గీతమ్మకు అవ్వ దీవించి రాసేది,

నువ్వు కోపంగా రాస్తే అక్షరాలు బాగొస్తాయి. ఎప్పుడూ కోపంగానే రాయి.

ఇస్త్రీ కాదంటావు, ఆవిరి పట్టిస్తానంటావు. చీరకేమన్నా జలుబు చేసినాదా? అట్లయితే అది అంగడి కాదు, ఆసుపత్రి. మీ నాయనకు అదే చెప్తి. "గీతమ్మ చీరలకు వైద్యం చేస్తాందిరా" అంటే ఇంకా గట్టిగా తలకాయ పట్టుకున్యాడు.

అమ్మాయీ, పట్టుచీర ఒకే మడత మీద చానా దినాలుంటే జరీ విరుగుతాది. ఆ మాటన్నా గిరాకీలకు చెప్తాండావా, లేదా?

పెండ్లయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి నేను మగ్గానికి పట్టుదారం కండెలు చుడతానే ఉండా. నేసింది మీ తాత, నేసి అమ్మింది మీ నాయన. చీర కట్టుకుని ఆడోళ్ళు ఎట్లుంటారో నేను చూసింది తక్కువ. నీ దగ్గరికి వచ్చేటోళ్ళు అద్దంలో చూసుకుని ఏమంటారు? ఊరికే అడుగుతాండా.

అవ్వ
వెంకటలక్ష్మమ్మ

తా.క.: ఆ క్లిప్పులు యాడ దొరుకుతాయి? ఒకటి నా దగ్గరే ఉండిపోయినాది. బట్టలారేసే దానికి బాగుండాది. ఊరికే అడుగుతాండా.


హిందూపురం,
శ్రావణం చివరి శుక్రవారం

క్లిప్పు దొంగ అవ్వకు నమస్కారం.

నువ్వు అడిగావంటేనే నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంట్లో ఒక్కరైనా నా పని గురించి ప్రశ్న వేశారు! అందుకని అన్నీ వివరంగా రాస్తున్నాను.

క్లిప్పులు ఆన్‌లైన్లో వస్తాయి. ఆవిరి మిషను చేతిలో పట్టేంతే ఉంటుంది, కానీ పట్టుకు ఆనించకూడదు, కొంచెం ఎడంగా పట్టాలి. అంచు దగ్గర కుచ్చిళ్ళు మొండికేస్తే నేను కనిపెట్టిన కిటుకు ఒకటి ఉంది: జుట్టు సాపు చేసే పటకారు! తక్కువ వేడిలో పెట్టి, మధ్యలో పలచటి గుడ్డ వేసి ఒక్కసారి అదిమితే అంచు కత్తిలా నిలుస్తుంది. ఇది ఎవ్వరికీ చెప్పకు. చేతి చెమట తగలకుండా తెల్ల చేతితొడుగులు వేసుకుంటే ఎలా ఉంటుందని కూడా ఆలోచిస్తున్నాను. డాక్టరమ్మలాగా దర్జాగా ఉంటుంది.

కొలతకు ఒక బొమ్మ తెప్పించాను. తల లేదు, కాళ్ళు లేవు, నడుం మాత్రం సినిమా వాళ్ళది. ఎర్రచీర కట్టి కిటికీ పక్కన నిలబెడితే, మా ఇంటి ఓనరు పాపన్న వీధిలోంచే "ఏమ్మా, కాఫీ అయిందా?" అని పలకరించాడు. జవాబు రాలేదని దగ్గరికి వచ్చాడు. దగ్గరికి వచ్చినవాడు వచ్చినంత వేగంగా పోయాడు.

అద్దంలో చూసుకుని ఏమంటారని అడిగావు. ఏమీ అనరు, అవ్వా. వెనక్కి తిరిగి భుజం మీదుగా చూసుకుంటారు. నిన్న లేపాక్షి నుంచి ఆటోలో వచ్చిన ఒకామె అలా చూసుకుని నా చేయి పట్టుకుంది. వ్యాపారంలో గెలుపంటే ఏమిటో పుస్తకాల్లో చాలా చదివాను కానీ, ఆ చేతి పట్టు గురించి ఏ పుస్తకంలోనూ లేదు.

అసలు కబురు ఇప్పుడు. ఆయుధపూజ రోజు ఎర్రమంచి ఫ్యాక్టరీలో ఆడవాళ్ళంతా పట్టుచీరలు కట్టుకుంటారట. పొద్దున్నే షిఫ్టు, ఎవరికీ తీరిక ఉండదు. ఆ చీరలన్నీ నాకు వస్తే నాయన ఇక కోచింగు పేరెత్తడు. అక్కడ ఆ ఏర్పాట్లు చూసే మేడమ్‌కు నమూనా పంపాను. రాకపోతే నా అంగడికి దసరాతోనే తాళం.

గర్వంగా,
గీతాంజలి

తా.క.: బొమ్మ సంగతి నాయనకు చెప్పకు.


పెనుకొండ,
వినాయక చవితి అయినంక

గీతమ్మకు,

మీ నాయనకు చెప్తి. నోరు జారినాది. "గీతమ్మ తల లేని మొండేన్ని ఇంట్లో పెట్టుకుని దానికి చీర కడతాందిరా" అంటి. నాయన ఆ పూటే తాయెత్తులు మంత్రించే ఉలిగప్ప కాడికి పోయి తాయెత్తు కట్టించుకొచ్చినాడు. కుళ్ళాయప్ప చేతికిచ్చి పంపిస్తాండా. బొమ్మ మెడకు కట్టు. తల లేకుంటే ఏమి, మెడ ఉంటాది కదా.

నేను పెనుకొండలో మీ అత్త ఇంట్లో, తనూజా వాళ్ళ కాడ ఉండా. మోకాలికి ఈడ ఎవరో మంచి నూనె ఇస్తారంట. ఇంకా కొన్నాళ్ళు ఉంటా. ఉత్తరాలు ఈడికే రాయి. అన్నీ వివరంగా రాయి. పైట మడతలు వెడల్పు తక్కువ పెడితే లావుగా ఉండేటోళ్ళకు బాగుంటాదా, ఎక్కువ పెడితేనా? ఊరికే అడుగుతాండా.

అవ్వ

తా.క.: నూనె బాగా పనిచేస్తాంది. పొద్దంతా నిలబడగలుగుతాండా.


హిందూపురం,
భాద్రపదం, ఏ రోజో చూసే ఓపిక లేదు

అవ్వా,

నమస్కారం తర్వాత. నా కడుపు మండుతోంది.

మీ పెనుకొండలో ఎవరో "చీరల క్లినిక్" అని తెరిచారు. క్లినిక్! అంత మంచి పేరు నాకెందుకు తట్టలేదు? అద్దాల తలుపు. రీల్స్ పెడుతున్నారు. ముఖం కనిపించదు, రెండు చేతులే కనిపిస్తాయి, వాటికి తెల్ల తొడుగులు! నా తొడుగులు! నేను ఇంకా ఆలోచిస్తుండగానే వాళ్ళు వేసేసుకున్నారు. నిన్నటి రీల్లో జుట్టు పటకారు కూడా వచ్చింది. ఆ రీల్‌ను ఎంతమంది చూశారో చూడకూడదని ఒట్టు పెట్టుకుని గంట గంటకూ చూస్తున్నాను. అందులో సగం నేనే చూసి ఉంటాను.

పెనుకొండ దారిలో ఉన్న సోమందేపల్లి గిరాకీలు హిందూపురం రావడం మానేశారు. ఇది తనూజ పనే, ఆ ఇంట్లో నా ఉత్తరాలు తీసి చదివి ఉంటుంది. నాకు తెలుసు. మెడలో కార్డు చాలక చేతికి తొడుగు కూడా కావలసి వచ్చింది దానికి. ఫోన్ చేసి అడిగితే, "నాకేం తెలుసే, నేను ఫ్యాక్టరీలో ఉండా" అని నవ్వింది. ఆ నవ్వులో ఏదో ఉంది.

చూసి రమ్మని కుళ్ళాయప్ప మామను పంపాను. పొద్దున పోయినవాడు సాయంత్రం వచ్చాడు. "ఏం చూశావు మామా?" అంటే, "ఓళిగలు పెట్టినారు పాపా, నెయ్యి కూడా ఏసినారు" అన్నాడు. "లోపల ఎవరున్నారు?" అంటే, "తినేటప్పుడు తల ఎత్తలేదు" అన్నాడు. బొబ్బట్లకు అమ్ముడుపోయాడు.

నువ్వు అక్కడే ఉన్నావు. నాకు ఉన్న ఒకే ఒక్క మనిషివి. పోయి చూసి రా.

గీత

తా.క.: తాయెత్తు బొమ్మకు కట్టాను. నేనూ ఒకటి కట్టుకుందామనుకుంటున్నాను.


పెనుకొండ,
మహాలయ పక్షం

గీతమ్మకు,

చూసొచ్చినా.

ఆ యమ్మ చానా బాగా చేస్తాంది. మనిషి కూడా బాగుండాది, కళగా. మాట తియ్యన. నీ మాదిరి గిరాకీలతో వాదం పెట్టుకోదు. వచ్చినోళ్ళను కూచోబెట్టి, మజ్జిగిచ్చి, ఇంట్లో అత్త పోరు ఎట్లుండాదో అడిగి, అంతా విన్నంకనే చీర పట్టుకుంటాది. ఆడోళ్ళు చీర పని లేకున్నా వస్తాండారు.

తనూజను అనుమానించొద్దు. ఆ పిల్ల పాపం డ్యూటీ అయినంక ఊరికే ఫోన్ పట్టుకుంటాది, అంతే.

ఇంకో మాట. ఫ్యాక్టరీ చీరలు ఆ క్లినిక్‌కే ఇచ్చినారంట. నీకు వేరే యాడన్నుంచో తెలిసేదానికంటే నేను చెప్పడం మేలని రాస్తాండా. అన్నం మానొద్దు.

అవ్వ

తా.క.: ఆ యమ్మ ఆవిరి మిషను నీదానికంటే పెద్దది. చక్రాలు కూడా ఉండాయి. ఊరికే చెప్తాండా.


హిందూపురం,
నవరాత్రుల మొదటి రోజు

వెంకటలక్ష్మమ్మ గారికి,

మీ క్లినిక్ కొత్త రీల్ చూశాను. చక్రాల మిషను లాగేటప్పుడు కుడిచేతి తొడుగు కిందికి జారింది. మణికట్టు మీద పచ్చబొట్టు కనిపించింది. తేలు. దానికి ఏడే కాళ్ళు. పొడిచే ఆమెకు ఓపిక చాలక ఎనిమిదో కాలు వదిలేసిందని నా చిన్నప్పుడు మీరే చెప్పారు. ఆ కాళ్ళు లెక్కపెడుతూ నేను అంకెలు నేర్చుకున్నాను.

ఫ్యాక్టరీ చీరలు పోతే నా అంగడి మూతపడుతుందని రాసింది నేను. చదివింది మీరు.

జవాబు రాయండి.

గీతాంజలి

తా.క.: లేదు.


పెనుకొండ,
నవరాత్రుల్లోనే

గీతా,

రాస్తాండా.

నాకు కుళ్ళు పుట్టినాది. నీ మీదే. ఎవరో ఆమె భుజం మీదుగా చూసుకుని నీ చేయి పట్టుకునిందని రాస్తివే, ఆ ఉత్తరం చదివిన దినం సంగటి ముద్ద కూడా దిగలేదు. ఇన్నేండ్లు చుట్టిన కండెలు ఎన్ని చీరలైనాయో దేవునికే తెలుసు. ఒక్కరన్నా నా చేయి పట్టుకోలేదు. మనవరాలు ఆవిరి పట్టి చేయి పట్టించుకుంటాంది, నేనేమో క్లిప్పుతో గుడ్డలారేస్తాండా. ఎందుకు ఊరుకోవల్ల?

మోకాలి నొప్పి అబద్ధం. గది తనూజ చూపించె, రీల్స్ కూడా ఆ పిల్లే తీసె. నా కమ్మలు కుదవ పెట్టి మిషను తెస్తి. పని నీ ఉత్తరాలు నేర్పినాయి. గురువుకు చెప్పకుండా పెట్టింది నిజమే. చెప్పింటే పెట్టనిస్తావా?

ఫ్యాక్టరీ మేడమ్ తనంతట తనే వచ్చె. తలుపు కాడికొచ్చిన గిరాకీని పంపించెయ్యమంటావా? నువ్వయితే పంపిస్తావా?

మీ నాయన వచ్చి చూసిపోయినాడు. కుర్చీలో కూచుని, మజ్జిగ తాగి, "అమ్మా, ఇది మంచి వ్యాపారమే" అన్యాడు. "గీతమ్మ చేసేది కూడా ఇదే కదరా" అంటి. "అవునా!" అన్యాడు. కోచింగు మాట మళ్ళా ఎత్తలేదు.

చీరలు చానా ఉండాయి. నా ఒక్కదాని చేత కాదు. వచ్చి నా కింద పని చెయ్యి. నెలకింతని దుడ్లిస్తా, మజ్జిగిస్తా. మనింటి పిల్లవి, ఆలస్యంగా వచ్చినా ఏమనుకోను.

అవ్వ,
ప్రొప్రైటరు

తా.క.: "చీరకు జలుబు చేసినాదా, ఆసుపత్రా" అని శ్రావణంలోనే రాస్తి. పేరు నీకు తట్టలేదంటే నా తప్పా?


హిందూపురం,
నవరాత్రులు, గురువారం

ప్రొప్రైటరు అవ్వకు,

నువ్వయితే పంపిస్తావా అని అడిగావు. పంపించను. అందుకే ఆ మాట వదిలేస్తున్నాను. నాయన "అవునా" మాత్రం వదలను. ఇన్ని నెలలుగా నేను గొంతు చించుకుని చెప్పింది, నువ్వు ఒక గ్లాసు మజ్జిగతో చెప్పేశావు. నీ మజ్జిగ మీద కూడా నాకు కుళ్ళే.

నీ కింద పని చేయను. ఫ్యాక్టరీ మేడమ్‌తో నేనే మాట్లాడాను. ఒక ముసలావిడ, ఒక మిషను, అన్ని చీరలు, కరెంటు పోతే ఏమిటని అడిగాను. ఆమెకు కూడా ఆ భయం ఉంది. సగం చీరలు నాకు ఇచ్చింది. పెట్టెల మీద నా పేరే ఉంటుంది. నాయనకు ఒక పెట్టె పంపిస్తున్నాను. క్లిప్పులు పీకవద్దని పైన పెద్ద అక్షరాలతో రాశాను.

హిందూపురం అంగడి మూయడం లేదు.

గీతాంజలి

తా.క.: నీ క్లినిక్‌కు ఎదురుగా ఖాళీగా ఉన్న గది బాడుగకు తీసుకున్నాను. దసరా మరుసటి రోజు తెరుస్తున్నాను. తాయెత్తు కట్టిన బొమ్మను నీ తలుపు వైపు తిప్పి పెడతాను. చక్రాల మిషను ఆ గదికి కూడా వస్తోంది, నీదానికన్నా పెద్దది.