నా పక్కన విడిచిన చోటు

ఎల్బీనగర్

చెల్లి మార్తమ్మకు,

ప్రభువు కృపవల్ల మన రూతు పెళ్లి జరిగింది. తెలంగాణ సమ్మెతో బస్సులు లేక నువ్వు సూర్యాపేటలోనే ఆగిపోయావు. అందుకు బాధపడకు.

చర్చిలో ప్రార్థన అయ్యాక, దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ సుధాకర్ "పిల్ల తరఫోళ్లు రాండ్రి" అని పిలిచాడు. మీ బావ పోయాక మనకెవరున్నారు? నేనొక్కదాన్నే వెళ్లి రూతు పక్కన నిలబడ్డాను. ఇంకెవరూ లేరా అని అడిగితే నీ సంగతి చెప్పాను.

"అట్లనా? జర జరుగమ్మా, మీ చెల్లెకు జాగ ఇడువు. ఆమె భుజం మీద చెయ్యి ఏసినట్టు పెట్టు. ఆమె ఫోటో తెప్పియ్యి, కంప్యూటర్ల అతికిస్త. ఈ సమ్మెల ప్రతి పెండ్లికి గిదే పని" అన్నాడు.

నేను చేయి చాపాను. వియ్యపురాలు నవ్వుతూ, "ఎవల్ని పట్టుకున్నవ్ వదినె?" అంది.

"మా చెల్లెను" అన్నాను.

రూతు అత్తగారింటికి వెళ్లింది. సాయంత్రం ప్రార్థనకు ఒక్కదాన్నే కూర్చుంటున్నాను.

నీ పట్టుచీర కట్టుకుని, నిలబడి ఫోటో తీయించుకుని పంపు. అది వచ్చేదాకా ఆల్బమ్ ఆపుతానన్నాడు సుధాకర్. ఈలోగా బస్సులు నడిస్తే మాత్రం ఫోటో పంపవద్దు, నువ్వే రా. స్టూడియోకు ఇద్దరం కలిసి వెళదాం. చేయి ఎలా పెట్టాలో అక్కడ నాకెవరూ చెప్పనక్కర్లేదు.

నీ అక్క